ఒక్క ఖాళీ కోసం ఇంత మాట పడాలా? (టెర్మినల్ నేర్చుకున్న నా అనుభవం)

మొత్తానికి వచ్చేసింది. టెర్మినల్ అనే నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేసి ఫోల్డర్లు తెరుస్తున్నాను, ఫైళ్లు కాపీ చేస్తున్నాను, పేర్లు మారుస్తున్నాను, మౌస్ ముట్టుకోవడం లేదు. కానీ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాది విజయనగరం. మావయ్య ఫోటో స్టూడియోలో కంప్యూటర్ పనంతా నాదే. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిందంటే చాలు, రెండు మూడు కెమెరాల ఫోటోలు వేలల్లో వచ్చిపడతాయి. మా పాత కంప్యూటర్‌లో విండోస్ బాగా నెమ్మదించిందని దాని బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాం. ఇంత పని టెర్మినల్‌లో అయితే చిటికెలో అవుతుందని ఎవరో చెబితే ఊళ్లోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టి చేరాను.

మొదట్లోవి తేలికే. పీడబ్ల్యూడీ కొడితే ఎక్కడున్నామో చెబుతుంది, ఎల్ఎస్ కొడితే అక్కడ ఏమేం ఉన్నాయో చూపిస్తుంది, సీడీతో ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్తాం, ఎంకేడిర్‌తో కొత్తది చేస్తాం. ఈ పేర్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయో అక్కడ ఎవరూ చెప్పలేదు, నేనే చదివి తెలుసుకున్నాను. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ఉబుంటు లాంటివాటికి నమూనా అయిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన రోజుల్లో టెలీటైప్ యంత్రాల మీద కొట్టేవారు, అక్షరం అక్షరం నెమ్మదిగా కాగితం మీద పడేది, అందుకని రెండు మూడు అక్షరాలతో సరిపెట్టారు.

అసలు గొడవ మా ఫోల్డర్ దగ్గర వచ్చింది. దాని పేరు ‘సిరిమాను ఫోటోలు’, ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ. సీడీ కొట్టి ఆ పేరు ఉన్నదున్నట్టు కొట్టాను. టూ మెనీ ఆర్గ్యుమెంట్స్ అని, అంటే ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ ఇచ్చావని వచ్చింది. మళ్లీ కొట్టాను, ఒక్కో అక్షరం సరిచూసుకుని కొట్టాను, అదే మాట. సార్‌ని పిలిస్తే అందరిముందూ, ‘ఏటమ్మా, ఎదురుగా ఉన్న పేరు చూసి కొట్టడం కూడా రాదేటి? స్టూడియోవాళ్లకి ఇవన్నీ ఎందుకు?’ అన్నాడు. బీటెక్ పిల్లలు నవ్వారు. ఆయన నా కీబోర్డు లాక్కుని టకటకా ఏదో నొక్కితే ఫోల్డర్‌లోకి వెళ్లిపోయింది. ఏం నొక్కారు సార్ అని అడిగితే, ‘ప్రాక్టీస్ చేస్తే వస్తుంది’ అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చివరికి విషయం చెప్పింది చీపురుపల్లిలో ఉండే మా పిన్ని కొడుకు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ‘అక్కా, ఖాళీ కనిపిస్తే అది అక్కడితో ఒక పేరు అయిపోయిందనుకుంటుంది. నువ్వు ఒక ఫోల్డర్ చెప్పావు, దానికి రెండు వినిపించాయి’ అన్నాడు. శ్రీకాకుళం రోడ్డు అంటే ఆమదాలవలసలో ఉన్న రైల్వే స్టేషన్ అని మనకి తెలుసు, తెలియనివాడికి శ్రీకాకుళం ఒకటి, రోడ్డు ఒకటి, ఇదీ అంతే. పేరు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఒక్కటిగా తీసుకుంటుంది. లేదా మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే, అలా మొదలయ్యే పేరు ఒక్కటే ఉంటే మిగతాది అదే నింపుతుంది, ఖాళీ ముందు వెనక్కి వాలిన గీత కూడా అదే పెడుతుంది. సార్ నొక్కింది ఆ ట్యాబే! రెండు వాక్యాల్లో అయిపోయే మాట. అది చెప్పకుండా మనిషిని నలుగురిలో నిలబెట్టి చిన్నబుచ్చేవాడు గురువు ఎలా అవుతాడు? మీరు ఎక్కడైనా చేరాలనుకుంటే ఫీజు కట్టేముందే, పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్ తెరిచి ఎందుకలా తెరవాలో చెప్పమనండి. చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఇంకో మాట, ఇక్కడ పెద్ద అక్షరాలు వేరు, చిన్న అక్షరాలు వేరు. చివర చిన్న అక్షరాల్లో జేపీజీ ఉన్న ఫైళ్లు కావాలని స్టార్ గుర్తు (దాని చోట ఏ అక్షరాలున్నా సరే అని అర్థం) పెట్టి అడిగితే, పెద్ద అక్షరాల్లో ఉన్నవి రావు.

ఫోటోల పని చేసేవాళ్లు ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. కెమెరాలు 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలెడతాయి, ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే పేర్లు కలిసిపోతాయి. ఫైళ్లను జరిపే ఎంవీతో రెండు కెమెరాల ఫోటోలనీ ఒకదాని తర్వాత ఒకటి ఒకే ఫోల్డర్‌లోకి జరిపితే, అదే పేరున్న పాత ఫోటో మీద కొత్తది కూర్చుంటుంది, మిమ్మల్ని అడగదు. మైనస్ ఐ చేర్చి కొడితే అడుగుతుంది, మైనస్ ఎన్ అయితే పాతదాన్ని ముట్టుకోదు. నేను ఒక్కో కెమెరాకి ఒక్కో ఫోల్డర్ చేసి, పేర్లలో ఖాళీ బదులు అండర్‌స్కోర్ పెట్టాను. మావయ్య ఏ ఏడాది ఫోటో అడిగినా ఇప్పుడు క్షణంలో తీసిస్తున్నాను, ఈ లైన్‌లో ఎవరి స్టూడియోలోనూ ఇంత పద్ధతిగా లేవు.

ఇక ఫైళ్లను తుడిచేసే ఆర్ఎం సంగతి. దానికి రీసైకిల్ బిన్ లేదు, కొడితే పోయినట్టే. స్టార్ పెట్టి తుడిచేముందు అదే స్టార్‌తో ఎల్ఎస్ కొట్టి ఏవి వస్తున్నాయో చూడండి, పోయేవి అవే. వేరే డిస్కులో కాపీ ఉందని కళ్లారా చూసుకున్నాకే నేను దాన్ని కొడతాను.