కిటికీలు తెరిచే చూపిస్తాను

హైదరాబాదు చిక్కడపల్లిలో మూడవ అంతస్తులో ఉన్న మా ఫ్లాటును అమ్మకానికి పెట్టి మూడు నెలలయింది. విశాఖపట్నంలో ఉంటున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నామే తప్ప, ఈ ఇంటిమీద మాకు ఏ అసంతృప్తీ లేదు. బేరం కుదురుస్తానన్న మధ్యవర్తి, చూడవచ్చేవారిని మధ్యాహ్నం రెండు గంటలకే రప్పించాలనీ, అప్పటికి హాలులో ఏసీ వేసి వీధివైపు కిటికీలన్నీ మూసి ఉంచాలనీ మొదటి రోజే సలహా ఇచ్చాడు. అతడు రాసిన ప్రకటనలో 'ప్రశాంత వాతావరణం' అనే మాట చూసి మా ఆవిడ చాలాసేపు నవ్వింది.

పోయిన ఆదివారం ఒక యువ జంట, అబ్బాయి తండ్రిగారిని వెంటబెట్టుకుని వచ్చారు. పెద్దాయన జేబులోంచి దిక్సూచి తీసి, హాలు నడిమధ్య నిలబడి, ముల్లు కుదురుకునేవరకు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. గుమ్మం తూర్పుకే ఉందనీ, పొయ్యి ఆగ్నేయంలోనే ఉందనీ తేలాక ఆయన ముఖం తేటపడింది. ఈలోగా కోడలు బాల్కనీ తలుపు పక్కకు జరిపింది. సిటీ బస్సు హారనూ, కింద బండిమీద వేగుతున్న మిర్చిబజ్జీల వాసనా ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. రాత్రి ఎన్ని గంటలకు సద్దుమణుగుతుందని ఆమె అడిగితే, పదకొండు దాటాకనే అని ఉన్నమాట చెప్పాను. మధ్యవర్తి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అందుకే నా ప్రకటన నేనే రాసుకుంటున్నాను.

ఈ ఇంట్లో నిశ్శబ్దం దొరకదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ళు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి కాబట్టి, పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు తెల్లవారకముందే టపాసులు మొదలవుతాయి. నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్ళకూ చేరుకున్న నిరుద్యోగులు ఈ వీధులను ఉదయం నుంచి రాత్రి దాకా ఖాళీగా ఉండనివ్వరు. టీ బండి దగ్గర రాజ్యాంగంలోని అధికరణలను ఒకరికొకరు అప్పజెప్పుకునే పిల్లలను నేను ఇక్కడే చూశాను. సాయంత్రాలు త్యాగరాయ గానసభలో ఏదో ఒక కచేరీయో, పుస్తకావిష్కరణో, సన్మానమో ఉంటుంది. సన్మానాలు కాస్త ఎక్కువే ఉంటాయనుకోండి. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, కూరగాయలు ఉన్నాయి, అర్ధరాత్రి మాత్ర కావాలన్నా దిగులు లేదు.

2020 ఫిబ్రవరిలో జేబీఎస్, ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ల మధ్య మెట్రో నడవడం మొదలయ్యాక చిక్కడపల్లి స్టేషను మాకు ఆరు నిమిషాల నడక అయింది. పరేడ్ గ్రౌండ్స్‌లో రైలు మారితే హైటెక్ సిటీకి, రాయదుర్గానికి కారు తీయకుండా వెళ్ళవచ్చు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు 2023లో తెరిచిన ఉక్కు వంతెన పైనుంచి పోయేవారి ప్రాణం కొంత తెరిపిన పడింది గానీ, కింద చౌరస్తాలో రద్దీ పూర్తిగా పోలేదు.

ఇక ఇంటి సంగతి. పాత పెంకుటిల్లు ఉన్న స్థలాన్ని బిల్డరు డెవలప్‌మెంటుకు తీసుకుని కట్టిన అపార్టుమెంటు ఇది, 2012లో కొన్నాము. రెండు పడకగదులు, లిఫ్టు, జనరేటరు, ఒక కారుకు పార్కింగు ఉన్నాయి. దస్తావేజులో 1,250 చదరపు అడుగులని ఉంటుంది. అందులో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కూడా కలిసి ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం వచ్చాక కొత్త ప్రాజెక్టులలో బిల్డర్లు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే విస్తీర్ణం, చెప్పి తీరాలి గానీ, అంతకుముందు కట్టిన మా ఇంటికి ఆ లెక్క ఎవరూ ఇవ్వలేదు. నేనే టేపు పట్టుకుని, మా ఆవిడను రెండో కొస పట్టుకోమని కొలిస్తే లోపల 940 చదరపు అడుగులు తేలింది. అపార్టుమెంటు స్థలంలో అవిభాజ్య వాటాగా (విడదీయకుండా అందరికీ ఉమ్మడిగా ఉండే భాగంగా) వచ్చే భూమి 42 గజాలు. గోడలకు ఏటేటా వయసు మీదపడుతుంది, విలువ పెరిగేది ఈ గజాలకే. అయినా చూడవచ్చిన పదకొండు కుటుంబాలలో ఆ సంగతి అడిగినవారు ఇద్దరే.

ధర 90 లక్షలు. కొంత మొత్తానికే రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతాది నగదుగా ఇస్తామన్నవారు నలుగురు వచ్చారు. వారికి మంచినీళ్ళిచ్చి పంపించాను. మొత్తం బ్యాంకు ద్వారానే రావాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చొప్పున కొనేవారికి 6,75,000 రూపాయలవుతుంది. ధర 50 లక్షలు దాటింది కనుక నాకివ్వవలసిన దానిలోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని నా పాన్ మీద జమచేయడం కూడా వారి బాధ్యతే. ఈసీ (ఆస్తిమీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు దస్తావేజులు (పాత యజమానుల క్రయపత్రాలు), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండవచ్చని ఇచ్చే అధికారిక పత్రం), ఆస్తిపన్ను రసీదులు ఒక ఫైలులో సిద్ధంగా ఉన్నాయి; మీ వకీలుకు చూపించుకోండి.

లోపాలూ చెబుతాను. వెనుక పడకగదికి వెలుతురు తక్కువ, పక్క భవనం గోడ నాలుగడుగుల దూరంలోనే ఉంది. నాలుగేళ్ళ క్రితం బాత్రూము పైకప్పు నుంచి నీరు కారితే, పై ఫ్లాటువారూ నేనూ కలిసి బాగుచేయించుకున్నాము. మరక మీద రంగు వేయించలేదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా మాకు అంత దూరం కాదు. మా ఇంట్లోకి ఎన్నడూ నీళ్ళు రాలేదు గానీ, భారీ వానలకు పల్లపు వీధులలో మోకాళ్ళ లోతు నిలుస్తాయి. మెయింటెనెన్సు నెలకు 2,500 రూపాయలు, వాచ్‌మన్ కుటుంబం కిందనే ఉంటుంది.

చూడదలచినవారు సాయంత్రం ఆరున్నరకు రండి, బాల్కనీలో కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకోవచ్చు. కాకపోతే కారు తీసుకురావద్దు; ఆ వేళకు మా వీధిలో దానికి చోటు దొరకదు.