శాతం వేసే ముందు: ఫ్రీక్వెన్సీ టేబుల్ నుంచి క్రాస్ టాబ్ దాకా

సర్వే షీటు చేతికి రాగానే నేను ఫ్రీక్వెన్సీ టేబుల్ (ఏ జవాబు ఎంతమంది ఇచ్చారో చూపే పట్టిక) వేయను. ముందు ఒక్కో కాలమ్‌లో ఎన్ని రకాల జవాబులున్నాయో చూస్తాను. ఒక్కటే ఉండాల్సిన ‘అవును’ రెండుసార్లు కనిపించిందంటే, ఒకదాని చివర స్పేస్ ఉందన్నమాట. ఎక్సెల్‌లో అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫంక్షన్‌తో పోతుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన డేటా అయితే ఒక్కోసారి పోదు. అది మామూలు స్పేస్ కాదు, 160వ నంబరు క్యారెక్టర్. ఒక అక్షరం బదులు మరొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో విడిగా తీసేయాలి.

ఆ తర్వాత ఖాళీల సంగతి. 200 మందిలో 12 మంది ఒక ప్రశ్న వదిలేశారు, 94 మంది అవునన్నారు అనుకుందాం. 200తో భాగిస్తే 47 శాతం, జవాబిచ్చిన 188తో భాగిస్తే 50. ఏదైనా వాడొచ్చు, కానీ ఏది వాడామో పట్టిక కింద రాసి తీరాలి. ఎక్సెల్ పివట్‌లో (డేటాను లెక్కగట్టి పట్టికగా చూపే సాధనం) ఒకే ఫీల్డును, అంటే కాలమ్‌ను, వరుసల్లోనూ విలువల్లోనూ వేస్తే ఖాళీల లెక్క రాదు. అందుకే లెక్కపెట్టడానికి సీరియల్ నంబరు కాలమ్ వేస్తాను.

వయసుకు తరగతులు కావాలి. ఎన్ని తరగతులు వేయాలో చెప్పే స్టర్జెస్ సూత్రం ప్రకారం 200 మందికి తొమ్మిది దాకా వస్తాయి గానీ, వయసు దగ్గర నేను దాన్ని పట్టించుకోను. అడిగితే చాలామంది 30, 40 అని గుండ్రంగా చెప్పేస్తారు. 20–30, 30–40 అని విడగొడితే ఆ గుంపంతా సరిహద్దు మీద పడుతుంది. 25–34, 35–44 అయితే తరగతి మధ్యలోకి వస్తుంది. ఎక్సెల్ ఫ్రీక్వెన్సీ ఫంక్షన్‌కు పై హద్దులుగా 34, 44 ఇవ్వాలి. 35 ఇస్తే ఆ వయసువాళ్లు కింది తరగతిలో చేరిపోతారు.

ఇక క్రాస్ టాబ్, అంటే రెండు ప్రశ్నల జవాబులను ఒకదానికొకటి ఎదురుగా పెట్టి చూపే పట్టిక. అందులో చిక్కంతా శాతం ఎటు వేయాలన్నదే. వయసు వరుసల్లో ఉంది: 35 లోపు 120 మందిలో 72 మంది, ఆ పైన 68 మందిలో 22 మంది అవునన్నారు. అడ్డంగా వేస్తే 60, 32 శాతం. నిలువుగా వేస్తే, అవునన్నవారిలో 77 శాతం 35 లోపువారు. చిన్నవాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఆ అంకె అంత పెరిగింది. రిపోర్టుకెక్కేసరికి మాత్రం ‘యువతలో 77 శాతం మంది ఒప్పుకున్నారు’ అయి కూర్చుంటుంది! ఏ గుంపులను పోలుస్తున్నామో ఆ గుంపు మొత్తమే 100 కావాలి.

వయసుతో సంబంధమే లేకపోతే పెద్దవాళ్లలో ఎంతమంది అవుననాలి? 68 × 94 ÷ 188 = 34. వచ్చింది 22. రెండింటికీ సంబంధం ఉందా, తేడా యాదృచ్ఛికమా అని చూసే కై-స్క్వేర్ పరీక్ష ఈ తేడాల మీదే నడుస్తుంది. ఇలా లెక్కగట్టిన అంచనా ఏ గడిలోనైనా 5 కంటే తగ్గితే పక్కపక్క తరగతులను కలిపేస్తాను. ఏడుగురున్న గుంపుకైతే శాతమే వేయను, మనుషుల సంఖ్య రాసి ఊరుకుంటాను.