ఎర్రగడ్డ సంతలో దొరికిన అంతరిక్ష నౌక

స్ప్రే డబ్బా నొక్కిన కాసేపటికే నా అంతరిక్ష నౌక ముక్కు కరగడం మొదలుపెట్టింది. రంగు పడినచోటల్లా థర్మకోల్ మీద గుంటలు. మూడు వారాల పని. మల్కాజిగిరిలో మా మేడ మీద నిలబడి అలా చూస్తూ ఉండిపోయాను. పక్క డాబా మీద వడియాలు పెడుతున్న పిన్నిగారు "ఏంటి బాబూ, అదో రకం వాసన?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

స్ప్రే పెయింట్‌లో ఉండే సాల్వెంట్ థర్మకోల్‌ని తినేస్తుంది. వినాయక చవితి మండపాలకు డెకరేషన్ చేసే కుర్రాళ్లకు కూడా తెలిసిన సంగతి, నాకు తెలియలేదు. ముందు ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపి సందు లేకుండా రెండు మూడు పూతలు వేసి, బాగా ఆరాక రంగు కొట్టాలి.

ఈ పిచ్చి నాకు 1991లో పట్టింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మామయ్య నల్గొండలో 'ఆదిత్య 369'కి తీసుకెళ్లాడు. సింగీతం శ్రీనివాసరావు గారు హాల్లో ఉన్న అందరినీ 1526కీ, 2504కీ తిప్పి తెచ్చారు గానీ నేను మాత్రం సినిమాలోని ఆ కాలయంత్రం దగ్గరే ఉండిపోయాను. అంతటి రాయలవారు తెర మీదికి వచ్చినా నా గొడవ ఒకటే, దాని లైట్లకు కరెంటు ఎక్కణ్నుంచి వస్తోందని. ఇంటికొచ్చి అగరొత్తుల పెట్టెలతో నేనూ ఒకటి చేశాను. దీపం కోసం నాన్న టార్చిలైటులోంచి బల్బు పీకాను. ఆ రాత్రే కరెంటు పోయింది. చీకట్లో నాన్న టార్చి నొక్కుతున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. తిడతాడనుకున్నాను. మర్నాడు సాయంత్రం బల్బులు రెండు తెచ్చాడు.

తర్వాత చదువు, అకౌంట్స్ ఉద్యోగం, పెళ్లి, ఈఎంఐ. పోయినేడాది ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఏడో తరగతి లెక్కల నోట్‌బుక్ దొరికింది. వెనక పేజీల్లో మూడు రెక్కల నౌక ఒకటి, కిందికి దిగుతూ. దాన్ని చేసి, దిగుతున్నట్టు ఫోన్‌లో తీయాలి అనుకున్నాను. ఎందుకు అని మా ఆవిడ అడిగింది. సరైన జవాబు ఇప్పటికీ లేదు.

రెండోసారి థర్మకోల్ జోలికి పోలేదు. సన్‌బోర్డు అనే తేలికపాటి ఫోమ్ పలక, పీవీసీ పైపులతో అస్థిపంజరం కట్టాను. కొలత ఇరవై ఐదో వంతు, అంటే 80 సెంటీమీటర్ల బొమ్మ తెర మీద 20 మీటర్ల నౌక. ఆకారం కుదిరింది కానీ నున్నగా, తెల్లగా, అచ్చం సింటెక్స్ ట్యాంకులా ఉంది. ఆ మాట మా అమ్మాయిదే.

1977లో వచ్చిన 'స్టార్ వార్స్'కి నౌకలు చేసినవాళ్లు బజార్లో అమ్మే ట్యాంకుల, విమానాల ప్లాస్టిక్ కిట్లు కొని, వాటి ముక్కల్ని నౌకల ఒంటినిండా అతికించారు. ముక్క దేనిదన్నది కాదు, ఏదో పని చేసే వస్తువులా కనిపిస్తే చాలు. ఆ కిట్లు ఇక్కడ నా జీతానికి దండగ. మనకు ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది. చచ్చిపోయిన కీబోర్డులు, సీడీ డ్రైవులు, ప్రింటర్ పళ్లచక్రాలు, మిక్సీ జార్ మూతలు. మూడు వందలన్నాడు, నూట యాభైకి ఇచ్చాడు. "ఇవేవీ పనిచెయ్యవు సార్" అని నిజాయితీగా చెప్పాడు కూడా. పనిచేయని వస్తువు కోసం అంత సంతోషంగా డబ్బిచ్చిన మనిషిని వాడు చూసి ఉండడు.

లైట్ల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. మొదటిసారి ఎల్‌ఈడీలు మాత్రమే కొని, ఇంట్లో 9 వోల్టుల బ్యాటరీకి తగిలించాను. ఒక్క మెరుపు మెరిసి పోయింది. మళ్లీ వెళితే కొట్టాయన రసీదు వెనక లెక్క వేసి చూపించాడు. తొమ్మిది వోల్టుల్లో ఎరుపు ఎల్‌ఈడీ రెండు తీసుకుంటుంది, మిగతా ఏడింటినీ కరెంటుకి అడ్డుపడే రెసిస్టర్ మింగాలి. 20 మిల్లీయాంపులకు 350 ఓములు. అది దొరకదు, 390 పట్టుకెళ్లు. ఇంటర్ ఫిజిక్స్‌లో నాకు అర్థం కాని ఓమ్ సూత్రం, నలభై దాటాక కోఠిలో రెండు నిమిషాల్లో అర్థమైంది.

అసలు కష్టం షూటింగులో. చిన్న బొమ్మ అడుగు ఎత్తునుంచి చటుక్కున పడుతుంది, పెద్ద నౌక అలా పడదు. అందుకే బొమ్మని వేగంగా తీసి నెమ్మదిగా చూపిస్తారు. ఎంత వేగంగా అంటే, కొలత ఎన్నో వంతో దాని వర్గమూలమంత. ఇరవై ఐదుకి ఐదు. సెకనుకి 24 ఫ్రేములను ఐదుతో గుణిస్తే 120. నా ఫోన్ స్లో మోషన్ సరిగ్గా 120. ఇరవై ఐదో వంతు కావాలని ముందు నుంచీ పట్టుబట్టింది ఇందుకే.

లెక్క బాగానే కుదిరింది. గదిలో ట్యూబులైటు వెలుతురులో తీస్తే వీడియో అంతా రెపరెపలాడింది. మన కరెంటు 50 హెర్ట్జులు, దీపం సెకనుకి వందసార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, స్లో మోషన్‌కి తెలుస్తుంది. మళ్లీ మేడెక్కాం. ఎర్రమట్టిని పాత చున్నీలో జల్లించి నేల చేశాను, రేణువు లావుగా ఉంటే గుట్టు బయటపడుతుంది. అపార్ట్‌మెంట్ కోసం బండ కొట్టినచోట ఏరిన గ్రానైటు ముక్కలే కొండలు. రాయికి చిన్నా పెద్దా తేడా తెలియదు. ఈ ఊరి బండలకు 250 కోట్ల ఏళ్లంటారు, పరాయి గ్రహం కోసం ఇంకెక్కడికో పోనక్కర్లేదు.

ఏప్రిల్ ఎండ. తొమ్మిదయ్యేసరికి నల్లరంగు వేసినచోట గ్లూగన్ జిగురు మెత్తబడి కీబోర్డు మీటలు ఒక్కొక్కటే జారిపోయాయి. దాంతో రోజూ ఆరున్నరకే మొదలు. నైలాన్ దారం బట్టల తీగ మీంచి వేసి నేను దించాలి, అమ్మాయి సాంబ్రాణి పొగ విసరాలి, మా ఆవిడ ఫోన్ పట్టుకోవాలి. మొత్తం రెండు సెకన్లు, తెర మీద పది. గాలి వస్తే పొగ పిన్నిగారి డాబా మీదికి పోయేది. ఆవిడ మాత్రం "రోజూ పొద్దున్నే పూజా, మంచిది" అంది.

పందొమ్మిదో టేక్ కుదిరింది. అంతకుముందు పద్దెనిమిదింటిలో నౌక ఎందుకో బొమ్మలాగే ఉండేది. పద్నాలుగో దాంట్లో తలకిందులుగా పడి రెక్క విరిగింది, సిమెంటు రంగు ఎమ్‌సీల్‌తో అతికాను. టీ డికాక్షన్‌లో నల్లరంగు కలిపి ఒళ్లంతా పూసి తుడిచాను. ఆ అతుకు, ఆ మరకలు వచ్చాకే అది ఎక్కడినుంచో వచ్చినట్టు అనిపించింది.

వీడియోని పెద్ద టీవీలో పెట్టి చూశాం. ఏడో సెకనులో కుడి ఇంజన్ మీద మిక్సీ మూత స్టిక్కరు కనిపిస్తుంది, చదవొచ్చు కూడా. మళ్లీ తీద్దామా అని అడిగాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.