ఖాళీ చేసినా బరువు తగ్గని ఫోల్డర్
పోయిన వారం ఒక పాత సర్వర్‌లో ఫోల్డర్ ఒకటి ఖాళీ చేయాల్సి వచ్చింది. ఎప్పుడో రాసి మర్చిపోయిన స్క్రిప్టు (నాదే లెండి, ఇంకొకర్ని అనడానికి లేదు) ఆరు లక్షల పైచిలుకు బుల్లి ఫైళ్లని అందులో కుప్ప పోసింది. ఫైళ్ల జాబితా చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. మామూలుగా అది పేర్లన్నీ చదివి, అక్షర క్రమంలో సర్దాక గానీ నోరు విప్పదు మరి. దాని పక్కన మైనస్ ఎఫ్ పెడితే మాత్రం సర్దకుండా వచ్చినవి వచ్చినట్టే కక్కేసింది.

డైరెక్టరీ (అంటే ఫోల్డరే) లోపల ఉండేది ఫైలు పేరు, దాని పక్కన ఐనోడ్ (ఆ ఫైలు వివరాలు డిస్కు మీద రాసి ఉంచే చీటీ) నంబరు, అంతే. లైనక్స్‌లో డిస్కు మీద ఫైళ్లని సర్దే పద్ధతిని ఫైల్‌సిస్టమ్ అంటారు, వాటిలో పాతదైన ఈఎక్స్‌టీ2లో ఇవి వరుసగా పడి ఉండేవి. కొత్త ఫైలు పెట్టాలంటే ఆ పేరు ఇప్పటికే ఉందేమో అని మొదట్నుంచి చివరిదాకా చూడాలి, అలా లక్ష ఫైళ్లు పెట్టేసరికి దాదాపు 500 కోట్ల పోలికలు! అందుకే ఈఎక్స్‌టీ3లో హెచ్‌ట్రీ అనే చెట్టులాంటి ఇండెక్స్ తెచ్చారు. పేరుని హ్యాష్ చేసి (అంటే లెక్కగట్టి ఒక అంకెగా మార్చి) ఆ చెట్టులో పెడతారు, 4 కేబీ ఇండెక్స్ బ్లాకులో (బ్లాకంటే డిస్కు మీద ఒక ముక్క) 500కి పైగా దారులు పడతాయి కాబట్టి రెండు మూడు బ్లాకులు చదివితే ఏ పేరైనా దొరికిపోతుంది.

వెతకడం బాగుపడింది సరే, మొత్తం తిరిగి రావడమే చెడింది. ఇప్పుడు పేర్లు హ్యాష్ వరసలో వస్తాయి, ఆ వరసకీ డిస్కు మీద ఐనోడ్లు ఉన్న చోటుకీ ఏ సంబంధమూ లేదు. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్ మామూలుగా 256 బైట్లు, అంటే ఒక బ్లాకులో 16. వచ్చిన వరసలోనే చెరిపేస్తూ పోతే, క్యాష్ (చదివినవాటిని కాసేపు దాచుకునే మెమరీ) చాలనప్పుడు, అదే బ్లాకు దగ్గరికి పదహారు సార్లు వెళ్లొచ్చే పరిస్థితి. నేను చేసింది చాలా చిన్న పని: పేర్లతో పాటు ఐనోడ్ నంబర్లు ఎలాగూ ఊరికే వస్తాయి కదా, ముందు అన్నీ చదివేసి, నంబరు వరసలో పెట్టి, అప్పుడు చెరిపాను. రాత్రంతా నడిచి సగం కూడా పూర్తికాని పని టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ వాళ్లు ఈ తలనొప్పికి ఇంకో దారి పట్టారు. ప్రతి పేరుకీ రెండు పద్దులు రాస్తారు, ఒకటి హ్యాష్‌తో వెతకడానికి, రెండోది ఫైళ్లు చేరిన వరసలో చదవడానికి. పెట్టినా తీసినా రెండు చోట్లా రాయాలి, అది దానికి కట్టే సుంకం. నాకైతే ఈ బేరం నచ్చింది, ఎందుకంటే బ్యాకప్ దగ్గర్నుంచి కాపీ దాకా ఫోల్డర్ మొత్తం తిరిగే పనులే నన్ను ఎక్కువ ఏడిపించాయి.

ఇంతా చేశాక చూస్తే, ఒక్క ఫైలూ లేని ఆ ఫోల్డర్ సైజు ఇంకా 30 ఎంబీ పైనే చూపిస్తోంది. ఫైళ్లు పోయినా ఆ పేర్లున్న బ్లాకుల్ని ఈఎక్స్‌టీ4 వదల్లేదు. డిస్కు అన్‌మౌంట్ చేసి (వాడకంలోంచి తప్పించి) ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అనే మరమ్మతు ప్రోగ్రాంని మైనస్ పెద్ద డి తో నడిపితే కుదిస్తుంది గానీ, నడుస్తున్న సర్వర్ ఆపే ఓపిక లేక పక్కన కొత్త ఫోల్డర్ చేసి, పాతదాన్ని తీసేసి, దాని పేరే దీనికి పెట్టేశాను.