నంబర్ల దారి, బాయి లెక్క

మా అమ్మాయి ప్లాను చెప్పేసరికి నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. శనివారం పొద్దున నెదర్లాండ్స్‌లోని ఉట్రెఖ్ట్‌లో సైకిళ్ళ మీద బయల్దేరి, వెఖ్ట్ నది వెంటే వేస్ప్ దాకా వెళ్ళడం, రాత్రికి అక్కడ ఆగి, ఆదివారం ఆమ్‌స్టర్‌డామ్ చేరడం. "రైల్లో అరగంట కదే," అన్నాను. "అమ్మా, నిద్రపోయి లేస్తే వచ్చేసే ఊరికి వెళ్ళడం టూర్ కాదు," అంది. దానికి పదకొండేళ్ళు.

నది వంపుల వెంట పోతే 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మా కొత్తగూడెం నుంచి భద్రాచలం కంటే కాస్త ఎక్కువే. పైగా నాకు సైకిల్ వచ్చిందే ముప్పై నాలుగో ఏట, ఇక్కడికి వచ్చాక. ఊళ్ళో అన్నయ్యకి కొన్నారు, నాకు కొనలేదు. అడగాలని నాకూ తోచలేదు.

నెదర్లాండ్స్‌లో ప్రైమరీ స్కూలు చివరి ఏళ్ళలో పిల్లలకి ట్రాఫిక్ పరీక్ష ఉంటుంది. పేపర్ మీద రాయడమే కాదు, నిజంగా రోడ్డు మీద సైకిల్ తొక్కి చూపించాలి. మా అమ్మాయి అది పాసయినప్పటి నుంచి ఇంట్లో నా లైసెన్సు రద్దయినట్టే. మొన్న ట్రయల్‌కని ముగ్గురం బయల్దేరాం. బోర్డూ గీతా ఏమీ లేని చిన్న కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలి. నేను ఇవ్వలేదు. ఒక ముసలాయన బ్రేకు వేసి, ఏమీ అనకుండా నన్ను చూసి వెళ్ళిపోయాడు. మా అమ్మాయి మాత్రం ఇంటిదాకా అంటూనే ఉంది. పిల్లల చేత రోడ్డు మీద చీవాట్లు తినడం మా అమ్మ చూస్తే ఏమనేదో! మా ఆయన మాత్రం వెనక నవ్వుకుంటూ తొక్కాడు.

ప్లానింగంతా దానిదే. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది కాబట్టి ఉత్తరంగా వెళ్ళేటప్పుడు వీపున ఉంటుందట, అందుకే వెళ్ళేది సైకిల్ మీద, వచ్చేది రైల్లో. మామూలు రోజుల్లో రద్దీ వేళల్లో రైల్లోకి సైకిల్ ఎక్కనివ్వరు, అందుకే శనాదివారాలు. సైకిల్‌కి వేరే టికెట్. కాలవ గట్టు మీద తిన్నటి దారి ఉంది కదా, తొందరగా అయిపోతుంది అన్నాను. "బోర్," అంది. నది పక్కన పాత భవనాలు, నీళ్ళ అంచున బొమ్మరిళ్ళలాంటి టీ మండపాలు ఉన్నాయట. అవన్నీ 17, 18 శతాబ్దాల ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల వేసవి ఇళ్ళు. ఆ రోజుల్లోనే డచ్ కంపెనీ మన మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఓడలకెత్తేది. ఆ మాట దాని స్కూలు పుస్తకంలో ఉందో లేదో గానీ, నేను చెప్పాను. "అయితే మన డబ్బు కూడా ఉందన్నమాట," అని మళ్ళీ మ్యాపులో పడింది.

దారి చూసుకోవడానికి ఊళ్ళ పేర్లు అక్కర్లేదు, నంబర్లు చాలు. సైకిల్ దారులు కలిసే ప్రతి చోటా ఒక నంబరు బోర్డు, అక్కడి నుంచి తర్వాతి నంబరుకి బాణం గుర్తు. ఆ చోటుని డచ్‌లో క్నోపుంట్ అంటారు. మనం వెళ్ళే నంబర్లు వరసగా చీటీ మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకోవడమే. "క్నోపుంట్‌ని తెలుగులో ఏమంటారు?" అని వీడియో కాల్లో తాతనే అడిగింది. ఆ మాటకి అర్థం ముడి అని నేను అందించాను. "నాలుగు తొవ్వలు కలిసే కాడ ముడేంది, కూడలి," అన్నాడు నాన్న.

ఈ పద్ధతిని మొదట ఆలోచించింది పక్కనే ఉన్న బెల్జియంలో, హ్యూగో బొల్లెన్ అనే గనుల ఇంజనీరు. గనిలో దారులకి నంబర్లు ఉండటం చూసి, 1990లలో సైకిల్ దారులకీ పెట్టించాడు. నాన్న సింగరేణి బొగ్గు గనుల్లో, మా వైపు మాటలో బాయిల్లో, కింద కార్మికులను చూసుకునే మైనింగ్ సర్దార్‌గా రిటైరయ్యాడు. ఈ సంగతి వినగానే కుర్చీలోంచి ముందుకి జరిగాడు. "బాయిలో చేసినోడా! అయితే తప్పిపోరు," అన్నాడు. అప్పటిదాకా నాకంటే ఎక్కువ భయపడింది ఆయనే.

నా భయం వేరే. రాత్రి ఎక్కడ ఉండాలి? సైకిల్ మీదో నడిచో వచ్చేవాళ్ళకి తమ ఇంట్లో ఓ గది తక్కువ ఖర్చుకి ఇచ్చే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి, దానికో సంఘం కూడా ఉంది. పొద్దున టిఫిన్ కూడా వాళ్ళే పెడతారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఆడపిల్లని పెట్టుకుని పడుకోవడమా అని నేను, హోటల్ చూద్దామని మా ఆయన. నాన్నే అడ్డుపడ్డాడు. "నవమికి భద్రాచలం నడిచిపోయేటోళ్ళు మన వరండాల పడుకోలేదా? మీ అమ్మ వాళ్ళకి పులిహోర పెట్టలేదా? వాళ్ళ పేర్లు మనకి ఎర్కనా?" నేను ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రే గది అడుగుతూ మెయిల్ పెట్టాను. డచ్‌లో తప్పులు మా అమ్మాయి దిద్దింది.

సైకిల్ తొక్కే పిల్లలకి ఈ దేశం మొదటి నుంచీ ఇంత భద్రంగా లేదు. 1971లో రోడ్ల మీద 3,300 మంది చనిపోతే అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చుని అడిగితే గానీ పరిస్థితి మారలేదు. ఆ అంకె చదివాక, పిల్లని రోడ్డు మీదకి పంపడానికి భయపడేది మనవాళ్ళే అనుకోవడం మానేశాను.

శుక్రవారం రాత్రి పులిహోర కలిపాను. అది చీజ్ బ్రెడ్డు కూడా పెట్టమంది, రెండూ పెట్టాను. నాన్న ఫోన్ చేసి నంబర్లన్నీ చెప్పమన్నాడు. పాత డైరీలో రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్కో నంబరు దాటగానే ఫోన్ చెయ్యాలట.

"తాతా, తొక్కుతూ ఫోన్ పట్టుకుంటే ఇక్కడ ఫైన్," అంది మా అమ్మాయి.

"ఆగి చెయ్యి బిడ్డా. దిగినోళ్ళ లెక్క, ఎక్కినోళ్ళ లెక్క కలవాలె. కలిసినంక నేను పంటా."