వోల్టేజీ ఉంది, బ్రేకు లేదు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ట్రాక్టరు వెనుక కట్టే ట్రాలీకి సాధారణంగా సొంత బ్రేకు ఉండదు. వడ్ల బస్తాలతో మిల్లుకు పోయే ట్రాలీని ఆపే భారమంతా ట్రాక్టరు మీదనే పడుతుంది. నేను పనిచేస్తున్న కెనడాలోని అల్బర్టాలో పశువులనూ గడ్డి కట్టలనూ మోసే ట్రెయిలర్లను పికప్ ట్రక్కులకు తగిలించి, హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో లాక్కుపోతారు కాబట్టి, బరువైన ట్రెయిలర్లకు చక్రం చక్రానికీ బ్రేకు ఉంటుంది. మన లారీల్లోలాగా వాటిలో చాలావాటికి గాలి ఉండదు, కార్లలోలాగా ఆయిల్ కూడా ఉండదు. డ్రైవర్ పెడల్ తొక్కగానే స్టీరింగ్ దగ్గరున్న కంట్రోలర్ నీలం వైరులోకి కరెంటు పంపుతుంది. దానితో ప్రతి డ్రమ్ములోనూ ఉన్న విద్యుదయస్కాంతం తిరిగే డ్రమ్ము ముఖానికి అతుక్కొని, దానితోపాటు కొంచెం జరిగి, ఒక మీటను కదిలించి బ్రేకు షూలను బయటికి నెడుతుంది. కరెంటు ఎంత వస్తే పట్టు అంత. అందుకే ఈ బ్రేకుల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి వైరింగు దగ్గరికే చేరుతుంది.

మొన్నటి చలికాలం చివర ఒక రైతు రెండు ఇరుసుల పశువుల ట్రెయిలర్‌తో మా షెడ్డుకు వచ్చాడు. బ్రేకు సగమే పడుతోందనీ, కంట్రోలర్ మీద ట్రెయిలర్ తగిలినట్టు చూపే గుర్తు వస్తూ పోతూ ఉందనీ చెప్పాడు. లైట్లన్నీ వెలుగుతున్నాయి కాబట్టి వైరింగులో లోపం లేదన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఇక్కడ చాలామందికి ఉంది గానీ, అది సరైనది కాదు. ఎల్‌ఈడీ లైట్లకు కావలసిన కరెంటు చాలా కొంచెం. తెల్ల వైరు, అంటే ఎర్తింగ్, చెడిపోయినా ట్రెయిలర్‌ను తగిలించిన ఇనుప గుండు ద్వారా దొరికే అరకొర ఎర్తింగ్‌తోనే అవి వెలుగుతాయి. నాలుగు బ్రేకులకు 12, 13 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు గ్రీజు పూసిన గుండు మీదుగా నమ్మకంగా తిరిగి రాదు.

నాతోపాటు పనిచేసే వనపర్తి తమ్ముడు ఇక్కడే కాలేజీలో ఆటోమోటివ్ కోర్సు చదివాడు. ట్రెయిలర్ ప్లగ్గు తీసి, నన్ను సీట్లో కూర్చోబెట్టి కంట్రోలర్ మీటను చేత్తో పూర్తిగా నొక్కమన్నాడు. తాను వెనుక ఏడు పిన్నుల సాకెట్‌లో నీలం పిన్నుకూ తెల్ల పిన్నుకూ మధ్య మీటరు పెట్టాడు. పెడల్‌తో కాకుండా మీటతో చూడడం మంచి పద్ధతి. చాలా కంట్రోలర్లు బండి నిలబడి ఉన్నప్పుడు పెడల్ తొక్కితే కొద్దిపాటి కరెంటే పంపుతాయి. అది తెలియనివాళ్లు మంచి కంట్రోలర్‌ను పీకి పక్కన పెడతారు.

"అన్నా, పన్నెండు వోల్టులకు పైనే వస్తున్నయ్. ఇంగ ట్రక్కుల ఏం లేదు, దోషమంతా ట్రెయిలర్లనే ఉంది" అన్నాడు.

"లోడు పెట్టి చూసినవా?" అని అడిగాను.

బోరు మోటారు నడిపిన ఇంట్లో పుట్టినవాడికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. మోటారు ఆగి ఉన్నప్పుడు స్టార్టర్ డబ్బా మీది ముల్లు 400 దాటి నిలబడుతుంది, బటన్ నొక్కి మోటారు కరెంటు లాగడం మొదలుపెట్టగానే అదే ముల్లు కిందికి జారుతుంది. మీటరు తాను దాదాపు కరెంటేమీ తీసుకోదు కనుక, చిలుము పట్టి ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా నిండు వోల్టేజీనే చూపిస్తుంది.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులకు వచ్చే లారీల వైరింగు చేస్తూ పని నేర్చుకున్నాను. అక్కడి మా ఉస్తాద్ మీటరు కన్నా ముందు బల్బును బయటికి తీసేవాడు. నా పెట్టెలోనూ ఒక పాత హెడ్‌లైట్ బల్బు ఉంటుంది. 55 వాట్ల ఆ ఫిలమెంటు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే ఒక బ్రేకు అయస్కాంతం కంటే ఎక్కువే. దాన్ని నీలం, తెల్ల పిన్నుల మధ్య పెడితే ఎర్రగా, నిద్రమొహంతో వెలిగింది. తెల్ల పిన్ను వదిలి ఆ కొసను పొడవైన వైరుతో బ్యాటరీ నెగటివ్‌కు కలిపితే తెల్లగా మండింది. నీలం వైరు మంచిదే, ఎర్తింగ్ చెడింది. తమ్ముడు ట్రక్కు కిందికి దూరి చూస్తే, దాని ఛాసిస్‌కు తెల్ల వైరును బిగించిన బోల్టు రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతోంది. వైరు తొడుగు చీరి చూస్తే జానెడు దూరం రాగి పచ్చబడి పిండిలా ఉంది. ఆ ముక్క కోసేసి, ఛాసిస్‌ను మెరుపు వచ్చేదాకా రుద్ది, కొత్త టెర్మినల్ బిగించి, నీరు చేరకుండా గ్రీజు పూశాం.

చాలా షెడ్లలో పని ఇక్కడితో ముగిస్తారు. నేను మాత్రం నీలం వైరు మధ్యలో ఆమ్మీటరు పెట్టకుండా బండి వదలను. 10, 12 అంగుళాల డ్రమ్ముల్లో ఒక్కో అయస్కాంతానికి రమారమి 3 ఆంపియర్లు రావాలి; మాకు మొత్తం తొమ్మిదిన్నర దగ్గర ఆగింది, అంటే ఒక చక్రం పనిచేయడం లేదు. నాలుగింటినీ కలిపి ఓంలలో కొలిస్తే ఇది అంత తేలికగా దొరకదు. ఒక్కోటి 3.2 ఓంలు ఉండే అయస్కాంతాలు నాలుగు కలిస్తే 0.8 ఓం అవుతుంది, మూడైతే 1 దాటుతుంది. మామూలు మీటరు వైర్ల సొంత నిరోధమే ఆ కాస్త తేడాను మింగేస్తుంది. అందుకని చక్రాల దగ్గర జాయింట్లు విప్పి విడివిడిగా కొలిచాం. వెనుక కుడి చక్రం అయస్కాంతం దగ్గర 3.2 ఓంలు సరిగానే ఉంది, కానీ ఇరుసు గొట్టం అవతల నుంచి కొలిస్తే వైరు తెగినట్టే చూపింది. ఆ వైరును ఫ్యాక్టరీలోనే ఇరుసు గొట్టం లోపలి నుంచి లాగుతారు. ఏళ్ల తరబడి కుదుపులకు లోపల రాసుకొని, తెగితే చక్రం చచ్చుబడుతుంది, ఇనుముకు తగిలితే షార్ట్ అయి కంట్రోలర్ మొత్తం బ్రేకును నిలిపేస్తుంది. పాత వైరును అలాగే వదిలేసి, కొత్త వైరును ఇరుసు వెనుక పక్కన గొట్టంలో వేసి క్లిప్పులతో కట్టాం. మళ్లీ నొక్కితే ఆమ్మీటరు 12 దాటింది.

ట్రెయిలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకు పడేందుకు పెట్టే చిన్న స్విచ్చును కూడా పిన్ను లాగి పరీక్షించాం. ప్లగ్గు తీయకుండా ఆ పిన్ను లాగితే ట్రెయిలర్ బ్యాటరీ కరెంటు వెనక్కి పారి కంట్రోలర్‌నే కాల్చే ప్రమాదం ఉంది. ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది; కొత్తది వేశాం.

చివరగా ఖాళీ మైదానంలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ మీట నొక్కి, చక్రాలు జామ్ కాకుండా గట్టిగా పట్టే చోట గెయిన్ (కంట్రోలర్ బ్రేకులకు ఎంత కరెంటు పంపాలో పెట్టే మోతాదు) నిలిపాం. అది ఖాళీ ట్రెయిలర్‌కు సరిపోయే లెక్క. పశువులను ఎక్కించాక మళ్లీ పెంచుకోవాలని బండి యజమానికి చెప్పి, తాళాలు ఇచ్చాం.