గోథెన్‌బర్గ్ బిల్డు, ఆమదాలవలస నెట్టు

శ్రీకాకుళం జిల్లా వాళ్లకి వలస కొత్త కాదు. తాతల కాలంలో రంగూన్ వెళ్లారు, ఆ తర్వాత ఖరగ్‌పూర్ రైల్వేలో చేరారు. ఇప్పుడు ఉద్దానం కుర్రాళ్లు గల్ఫ్‌లో వెల్డింగ్, ఫిట్టింగ్ చేస్తున్నారు. మత్స్యకారులైతే గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతున్నారు. వాళ్లు అక్కడ ఏం చేస్తారో ఇంట్లో అందరికీ తెలుసు. నా పని మాత్రం మా అమ్మకి ఇప్పటికీ "కంప్యూటర్లో ఏదో". స్వీడన్‌లో హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాస్తానని చెబితే, ఆమదాలవలసలో ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా "జావా లాంటిదేనా?" అని అడిగి ఊరుకుంటారు.

నేనుండే గోథెన్‌బర్గ్‌లో మాత్రం ఈ భాష గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడి చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూనే కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2000లో క్విక్‌చెక్ అనే టెస్టింగ్ పద్ధతిని తెచ్చారు. ఈ భాషలో రాసినదాన్ని మెషీన్ నడిపేలా మార్చే కంపైలర్లలో అందరూ వాడే జీహెచ్‌సీ పుట్టింది గ్లాస్గోలో, పేరులోని జీ అక్షరం ఆ ఊరిదే. ఈ చరిత్ర అంతా విని, అక్కడ రోజంతా గణితం మాట్లాడుకుంటారని అనుకుంటే పొరపాటే. మా టీమ్‌లో వారంలో సగం రోజులు పోయేది వెర్షన్ల గొడవలకే. హాస్కెల్ మొదలుపెట్టి వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఈ భాషలో కష్టమని పేరుపడ్డ మోనాడ్ అనే భావన అర్థంకాక వదిలేసినవాళ్లు అందులో తక్కువ. ఒక్క లైను కోడ్ రాయకుండానే, ఇన్‌స్టాల్ దగ్గరే విసిగిపోయినవాళ్లే ఎక్కువ.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు కొన్ని రోజులు సెలవు, మిగతావి ఇంటి నుంచి పని. చలికాలంలో స్వీడన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి అక్కడ తొమ్మిదికి ఆఫీసు తెరిస్తే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. పొద్దున్నంతా ఖాళీయే. ఆ ఖాళీని మా అప్ప కొడుకు పట్టేసుకున్నాడు. విజయనగరంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. నెట్‌లో దొరికిన ఒక పాత హాస్కెల్ ప్రాజెక్టుని తన మినీ ప్రాజెక్టుగా మార్చుకుందామని వాడి ఆలోచన.

"ఏటి మావా ఇది, 'వెన్' లేదంటాది! అది భాషలోనే ఉంటాది కదా?"

వాడు నాకు ముందుగా వాట్సాప్‌లో పంపింది ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో. అందులో కనిపించేది చివరి మూడు లైన్లే, బిల్డ్ ఫెయిలైందని చెప్పేవి. మన దగ్గర ఎర్రర్ అడగడమంటే చాలావరకు ఇదే: చివరి లైను ఫొటో, కింద "హెల్ప్ చెయ్యండి సార్". గోథెన్‌బర్గ్‌లో చేరిన కొత్తలో నా పక్క సీటాయన ఏ ప్రశ్నకైనా జవాబిచ్చే ముందు నాలుగు సంగతులు అడిగేవాడు. కంపైలర్ వెర్షన్ ఎంత, ఇతరులు రాసిన కోడ్ ప్యాకేజీలు తెచ్చి మన ప్రాజెక్టుని కట్టే కబాల్ వెర్షన్ ఎంత, మొదటి ఎర్రర్ ఏది, ఇదే ఎర్రర్ వచ్చే చిన్న ఫైల్ ఒకటి ఇవ్వగలవా. గొంతు పెంచడు, విసుక్కోడు, కానీ ఆ నాలుగూ లేకుండా కుర్చీలోంచి కదలడు. అక్కడ లీడ్‌ని కూడా పేరుపెట్టే పిలుస్తారు, ఎవర్నైనా ఏదైనా అడగొచ్చు. అడిగేవాడు మాత్రం సరంజామాతో రావాలి. మావాడి దగ్గరా అదే పద్ధతి పెట్టాను. "పైకి స్క్రోల్ చెయ్‌రా, మొదటి ఎర్రర్ చదువు" అన్నాను. సగం రోగం అక్కడే బయటపడింది.

ప్రాజెక్టు రాసినాయన ఫైల్ పైన కంట్రోల్.మోనాడ్.స్టేట్ అనే మాడ్యూల్ ఒక్కటే ఇంపోర్ట్ చేశాడు. ఆ మాడ్యూల్ ఎంటీఎల్ అనే ప్యాకేజీలోది. 2.2 వెర్షన్ దాకా అది కంట్రోల్.మోనాడ్‌లోని వెన్, అన్‌లెస్, ఫర్ఎమ్ లాంటి ఫంక్షన్లని కూడా తన వెంట తెచ్చి ఇచ్చేది. 2022లో వచ్చిన 2.3తో ఆ ఉచిత సరఫరా ఆపేశారు. మావాడు వేసుకున్న జీహెచ్‌సీ 9.6, దాంతో వచ్చేది ఎంటీఎల్ 2.3.1. కోడ్‌లో తప్పేం లేదు, భాషా మారలేదు. ఇంపోర్ట్ కంట్రోల్.మోనాడ్ అని పైన ఒక లైను రాయగానే ఎర్రర్లు పొలోమని మాయమయ్యాయి. మా ఆఫీసులో 9.4 నుంచి 9.6కి మారినప్పుడు ఇదే లైను ఎన్ని ఫైళ్లలో చేర్చామో! ఇంత తెలివైన కంపైలర్ "ఈ పేరు ఫలానా మాడ్యూల్లో ఉంది" అని నేరుగా చెబితే దాని సొమ్మేం పోయింది అని నాకిప్పటికీ కడుపుమంట.

ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. ఇంకో చిన్న ప్యాకేజీ కలపగానే కబాల్ అడ్డం తిరిగింది. భాషకి పునాది లైబ్రరీ అయిన బేస్ 4.18ని తీసుకోలేను, ఈ ప్యాకేజీకి 4.17 కన్నా తక్కువే కావాలి అని దాని గోల. మావాడు వెంటనే బేస్ పాత వెర్షన్ ఇన్‌స్టాల్ చేయబోయాడు. అది కుదరదు. బొబ్బిలి ఏకాండి వీణలో కుండా దండీ ఒకే పనస దుంగలోంచి తొలిచినట్టు, బేస్ కంపైలర్‌తో కలిసే పుడుతుంది. జీహెచ్‌సీ 9.2కి బేస్ 4.16, 9.4కి 4.17, 9.6కి 4.18. బేస్ మార్చాలంటే కంపైలర్నే మార్చాలి. అందుకే బేస్ పేరుతో గొడవ వస్తే నేను దాన్ని "నీ కంపైలర్ ఈ ప్యాకేజీకి కొత్తదైపోయింది" అని చదువుకుంటాను.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, కంపైలర్ వెర్షన్లు దింపే జీహెచ్‌సీఅప్ అనే టూల్‌తో 9.2 దింపుకుని ఈ ప్రాజెక్టుకి దాన్ని కేటాయించడం. రెండోది, అలౌ-న్యూయర్ అని ఆ ఒక్క ప్యాకేజీ ఒక్క హద్దుని పక్కన పెట్టమనడం. 'ఈ వెర్షన్ దాటకూడదు' అనే ఇలాంటి హద్దులు చాలావరకు ప్యాకేజీ రాసినవాళ్లు ముందుజాగ్రత్తగా పెట్టేవే, తీసేస్తే మామూలుగా కంపైల్ అయ్యేవి బోలెడు. కానీ అన్నిటికీ కలిపి గంపగుత్తగా అలౌ-న్యూయర్ పెట్టేవాళ్లని చూస్తే నాకు భయం. వెర్షన్లు కుదిర్చే కబాల్ సాల్వర్ ఆపేసిన గొడవ అప్పుడు పోయి ఎవరిదో లైబ్రరీ లోపల టైప్ ఎర్రర్‌గా తేలుతుంది, ఆ కోడ్ మనం ఎప్పుడూ చూసి ఉండం. మావాడికి రెండో దారే సరిపోయింది, ఒక్క ప్యాకేజీయే కాబట్టి.

గోథెన్‌బర్గ్‌లో తెలియని కష్టం ఇక్కడ తెలిసింది. హాస్కెల్ ప్యాకేజీలన్నీ ఉండే హ్యాకేజ్ సైట్‌లో దొరికేది సోర్స్ కోడ్ మాత్రమే, రెడీమేడ్ బైనరీలు ఉండవు. ఒక ప్యాకేజీ అడిగితే దాని కింద ఉన్నవన్నీ దిగాలి, మన మెషీన్ మీదే కంపైల్ అవ్వాలి. ఆఫీసులో క్యాష్ సర్వర్ ఉంది, అన్నీ ముందే వండి పెట్టి ఉంటాయి. ఇక్కడ ఫోన్ హాట్‌స్పాట్, 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, మధ్యమధ్యలో పోయే కరెంటు. జేసన్ ఫార్మాట్లో ఉన్న డేటా చదవడానికి ఈసన్ అనే ప్యాకేజీ అడిగాడు, దాని వెనకాల ఊరేగింపులా ఎన్నో దిగాయి. సగంలో బిల్డు చచ్చిపోయింది. మెమొరీ చాలక సిస్టమే చంపేసి ఉండొచ్చని కబాలే చెప్పింది, అంతవరకు దాని మర్యాద దానిది. ఒకేసారి నాలుగు ప్యాకేజీలు కాకుండా ఒక్కొక్కటే కట్టమని జె1 పెట్టాం, క్రోమ్ మూయించాను. వాడు టెన్షన్‌గా ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చున్నాడు. మా అమ్మ అరిసెలు తెచ్చి "అదలా తిరుగుతుంటే మీరేటి సేత్తన్నారు?" అంది. కూర్చోవడం కూడా మా పనిలో భాగమే అంటే నమ్మలేదు.

ఇంతా అయ్యాక ఎడిటర్లో మాత్రం ఎర్ర గీతలు పోలేదు. బిల్డు బాగానే ఉంది, ఎడిటర్ ఒప్పుకోదు. ఇలాంటప్పుడు నేను ముందు చూసేది పాత చెత్తని. ఏదో వీడియో చూసి వాడు ఎప్పుడో కబాల్ ఇన్‌స్టాల్‌కి లిబ్ అని తగిలించి కొట్టాడట. ఆ కమాండ్ హోమ్ డైరెక్టరీలో జీహెచ్‌సీ ఫోల్డర్ కింద ఒక ఎన్విరాన్‌మెంట్ ఫైల్ రాసిపెడుతుంది. ప్రాజెక్టుతో సంబంధం లేకుండా జీహెచ్‌సీని నడిపిన ప్రతిసారీ అది దూరుతుంది. దాన్ని తీసేశాం. ఇంకో కారణం, ఎడిటర్లో తప్పులు చూపించే లాంగ్వేజ్ సర్వర్. ఆ 9.6లోని మరీ కొత్త సబ్‌వెర్షన్‌కి అది అప్పటికింకా తయారు కాలేదు. జీహెచ్‌సీఅప్‌లో 'లేటెస్ట్' అన్నదాన్ని వదిలి 'రికమెండెడ్' అన్నదాన్ని వేసుకోమన్నాను. మన కుర్రాళ్లకి లేటెస్ట్ అంటే మహా మోజు, ఫోన్లలోలాగే.

చివరికి, వాడిన వెర్షన్లన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టే కబాల్ ఫ్రీజ్ చేయించి, ఆ ఫైల్‌ని కోడ్‌తో పాటు గిట్‌లో పెట్టించాను. దాంతో వాడి స్నేహితుడు తన గదిలో కట్టినా ఇవే వెర్షన్లు దిగుతాయి, కంపైలర్ ఒకటే అయితే.

మా అప్ప అడగాల్సింది అడిగింది, "దీనికి ఉజ్జోగాలున్నాయా తమ్ముడూ?" ఉన్నాయి, కానీ తక్కువ. స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకులో హాస్కెల్ వాడతారు, ఫేస్‌బుక్ స్పామ్ పట్టుకోవడానికి వాడింది, కార్డానో బ్లాక్‌చెయిన్ దీంట్లోనే రాశారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కి వచ్చే కంపెనీలు మాత్రం జావానే అడుగుతాయి. అందుకని వాడికి చెప్పింది ఇది: పరీక్షలకి జావా చదువు, హాస్కెల్ సాయంత్రాలు, దానికన్నా ముందు శ్రీకాకుళం వెళ్లి ఆ ల్యాప్‌టాప్‌కి ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించు. డబ్బులు నేనిస్తానన్నాక వాడు ఆ రోజు మధ్యాహ్నమే బస్సెక్కాడు.